రైటరు గారి పదకొండో షరతు

మా రైటరు గారు పోయారు. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన కూతురు కాదు, ఆసుపత్రి వాళ్లూ కాదు. పాత సంత స్థలంలో ఇడ్లీలు అమ్మే ఆవిడ. ఆ ఉదయం నేను ఎచ్చెర్లలో ఉన్నాను. మా అమ్మాయిని యూనివర్సిటీ హాస్టల్లో దింపి, గది తాళంచెవి కోసం నిలబడి ఉన్నాను.

"అమ్మా, రైటరు బాబు పోనారు" అంది ఫోన్లో. "మా కొట్టుకాడ ఇడ్లీ తింటా తింటా గుండెల్లో నొప్పన్నారు. ఆటోలో ఏసుకుని ఆస్పత్రికి తీసుకెల్లేసరికే అయిపోనాది. నువ్వు కంగారు పడకు. మా ఇంట్లోకి తెచ్చీసినాం. తిన్నగా మా ఇంటికి వచ్చీ."

బస్సెక్కి కూర్చున్నాక గాని 'మా ఇంట్లోకి' అన్న మాట నాకు తట్టలేదు. అది తట్టాక శ్రీకాకుళం దాటేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పక్కసీటు పెద్దమనిషి కిటికీ కొంచెం మూసి, మళ్లీ తెరిచి, ఏం చెయ్యాలో తెలీక తన నీళ్ల సీసా నా ఒళ్లో పెట్టాడు. ఆ మాట వెనక ఏముందో మీకు చెప్పాలంటే రైటరు గారు ఎవరో ముందు చెప్పాలి.

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్లలో కూర్చుని దస్తావేజులు రాసేవాళ్లను మా వైపు రైటర్లంటారు. అమ్మకం, తాకట్టు, పంపకం, దానం, వీలునామా, ఏదైనా వాళ్ల చేతిమీదుగా వెళ్లాల్సిందే. ఆయన అక్కడ నలభై ఏళ్లు రాశారు. కంప్యూటర్లు వచ్చినప్పుడు టైపు చెయ్యడానికి నన్ను పెట్టుకున్నారు. అప్పటికి నాకు పెళ్లై ఏడాది. మొదటి రోజే, "అమ్మాయీ, నీకు ఏటి తెలుసని అడగను, ఏటి తెలుసుకోవాలనుంది?" అని అడిగారు. ఉద్యోగానికి వెళ్తే అలాంటి ప్రశ్న ఎవరూ వెయ్యరు కదా, నాకు జవాబు రాలేదు. "ఆలోచించుకో, తొందరేం నేదు" అన్నారు.

ఆయనకు మాత్రం అన్నీ తెలుసుకోవాలనే ఉండేది. ఊరిచివర నాలుగు సెంట్లు అమ్ముకోవడానికి వచ్చిన రైతును "ఆ మూల మట్టి ఎర్రగుంటాదా, నల్లగుంటాదా? నూతిలో నీరెంత లోతునున్నాది? నీ సిన్నప్పుడు ఆ పక్కన ఎవరుండీవోరు?" అని అడిగేవారు. దస్తావేజుకు వీటితో పనేముంది? ఏమీ లేదు. కొనేవాడు గడియారం చూసుకునేవాడు, నేను కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన గొడుగు చంకన పెట్టుకుని, "ఓసారి సూసొద్దాం పద" అని లేచేవారు. స్థలానికి వెళ్లి, మధ్యలో నిలబడి, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, అదే వరుసలో తిరిగి చూసి, ఏది కనిపిస్తే అది హద్దుగా రాయించేవారు. చూడకుండా హద్దులు రాసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మండేది.

ఇంకో అలవాటు. సంతకాలకు ముందు దస్తావేజు మొత్తం పైకి చదివేవారు. చదివి, "ఇప్పుడు నువ్వు సెప్పు" అనేవారు. ఆ పార్టీ తనకు అర్థమైంది తన మాటల్లో చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ చదవడమే. ఇతర షెడ్లలో పదిమంది పని ముగించుకుని వెళ్లిపోయేవేళకు మాకు ఇద్దరే అయ్యేవారు. నేను విసుక్కుంటే, "కాగితం మనది కాదమ్మా, ఆల్లది. ఆల్ల నోట్లో పట్టాలి" అనేవారు.

ఇన్ని వేల ఇళ్లకు హద్దులు రాసిన మనిషి జీవితమంతా అద్దె ఇంట్లోనే ఉన్నారు. ఆ ఇంటి ఓనరమ్మ మంచిదే. పండక్కి బూరెలు పంపేది. కాని గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. ఆయన గొడుగు ఎప్పుడూ కిటికీ ఊచకు వేలాడేది, గాలి వేస్తే కిందపడేది. "గోడ ఆల్లది, ఊస ఆల్లదే, గొడుగొక్కటీ మనది" అని నవ్వేవారు.

పాత సంత స్థలం మా ఊళ్లో బస్టాండుకు దగ్గర్లో మున్సిపాలిటీది. పశువుల సంత బైపాస్ అవతలికి మారాక ఖాళీగా ఉండిపోయి, దాని అంచున ముప్ఫై నలభై కుటుంబాలు రేకులు, టార్పాలిన్లు వేసుకున్నాయి. ఇడ్లీలావిడ, కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే ఒకాయన, దర్జీలు, రిక్షా లాగి లాగి ఆటోలకు మారినవాళ్లు. కొన్నేళ్ల క్రితం మున్సిపాలిటీ ఒక ఆలోచన చేసింది. స్థలం అమ్మరు, ఎవరికీ పట్టా ఇవ్వరు. ఆ కుటుంబాలన్నీ కలిసి పెట్టుకున్న సంఘానికి తొంభై తొమ్మిదేళ్లకు లీజుకిస్తారు. రోడ్డువైపు కింద దుకాణాలు, పైన మూడంతస్తుల ఇళ్లు. దుకాణాల మీద వచ్చేది బిల్డింగు మరమ్మతులకు. ఇల్లు తల్లిదండ్రుల తర్వాత పిల్లలకు వస్తుంది, బయటివాళ్లకు అమ్మడానికి మాత్రం వీల్లేదు. అంతకుముందు పట్టాలిచ్చిన స్థలాలను జనం అవసరానికి తెల్లకాగితం మీద అమ్ముకుని మళ్లీ రోడ్డుమీదికి రావడం రైటరు గారు కళ్లారా చూశారు. అందుకే ఈ పద్ధతి ఆయనకు నచ్చింది. లీజు పత్రం చిత్తు రాసే పని ఆయనకే అప్పగించారు.

ఇక ఆయనను పట్టడం ఎవరితరం? "తొంభై తొమ్మిదే ఎందుకు, వందెందుకు కాదు?" అన్న ప్రశ్న పట్టుకుని నెలరోజులు తిరిగారు. ప్లీడరు గారు ఇంగ్లీషు వాళ్లనాటి అలవాటన్నారు. అలవాటు ఎందుకైందని అడిగితే ఆయనకు కోర్టు టైమైపోయింది. లైబ్రరీలో రెండు లావుపాటి పుస్తకాలు తిరగేశారు. చివరకు ఎండుచేపలాయన, "వందంటే దిష్టి తగుల్తాది బాబూ, అందుకే ఒకటి తగ్గించినారు" అన్నాడు. రైటరు గారు దాన్ని కూడా నోటుపుస్తకంలో రాసుకున్నారు. "ఇప్పటిదాకా ఇన్నవాటిలో ఇదొక్కటే నమ్మేలాగున్నాది" అన్నారు నాతో.

చిత్తు తయారైంది. ఒక ఆదివారం ఉదయం సంత స్థలంలో టార్పాలిన్ కింద అందరినీ కూర్చోబెట్టి చదివారు. ఒక్కో షరతూ చదివి, ఎవరో ఒకరిని లేపి "ఇప్పుడు నువ్వు సెప్పు" అంటున్నారు. చివరి పేజీలో ఆయన గొంతు మామూలు వేగానికి వచ్చింది, "...పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో శాశ్వతముగా అనుభవించుకొనగలవారు" అని ముగించారు. ఆటో నడిపేవాళ్లలో కాస్త చదువుకున్నవాడు లేచి, "శాశ్వతంగా అన్నారు! అమ్ముకోడానికి కూడా హక్కున్నాదన్నారు!" అన్నాడు. చప్పట్లు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో మిఠాయి తెప్పించారు, మా చేతుల్లోనూ పెట్టారు. మేం కూడా తిన్నాం. జనం సంబరపడుతున్నారు కదా అని మాకూ సంబరంగానే ఉంది.

మర్నాడు షెడ్డులో ఆయన చిత్తును నా ముందుకు తోసి, చివరి పేజీ మీద వేలు పెట్టారు. "అమ్మాయీ, ఇదేటి?"

అది అమ్మకం దస్తావేజుల చివర రాసే వాక్యం. చివరి పేజీని పాత అమ్మకం ఫైల్లోంచి తెచ్చి అతికించింది నేనే. తీసెయ్యడం మర్చిపోయాను. ఆయన సరిచూశారు, పైకి చదివారు, అయినా పట్టుకోలేకపోయారు. నలభై ఏళ్లుగా ఆయన నోట్లో తిరుగుతున్న మాటలవి, చెవికి ఆనలేదు. పైకి చదివి మరీ జనాన్ని నమ్మించిన తప్పు, మా షెడ్డులో తప్ప ఇంకెక్కడా జరగదు.

"మున్సిపాలిటీకి ఇంకా పంపలేదు కదండీ" అన్నాను. "తీసేసి మళ్లీ టైపు చేసేస్తాను. చివరి పేజీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

ఆయనకు కోపం రాలేదు. "నిన్న ఆల్లు సప్పట్లు కొట్టినారమ్మా" అన్నారు.

గొడుగు తీసుకుని బయల్దేరారు. నేను వెనకే వెళ్లాను, కాళ్లు ఈడ్చుకుంటూ. అక్కడికి వెళ్లి అందరినీ పిలిచి, నిలబడే చెప్పారు: "నిన్న నేను సదివిన ఆకరి మాట తప్పు. ఈ స్థలం మీది అవదు. మున్సిపాలిటీదే. అమ్ముకోడానికి నేదు. తప్పు నాదే." నా పేరు ఎత్తలేదు. 'నేనే చేశాను' అనడానికి నాకు నోరు రాలేదు. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇవాళ మీకు చెబుతున్నాను.

గొడవ మామూలుగా జరగలేదు. రైటరు అమ్ముడుపోయాడన్నారు. మున్సిపాలిటీ వాళ్లతో కలిసి నాటకం ఆడాడన్నారు. మిఠాయి సంగతి ఎవరో ఎత్తారు, నాకు భూమిలో కూరుకుపోవాలనిపించింది. ఆయన అన్నీ విన్నారు. అప్పుడు ఇడ్లీలావిడ ముందుకొచ్చింది.

"బాబూ, నాకీ హక్కులూ అవీ తెల్దు. ఒక్కటడగతాను. ఇది అద్దిల్లా, సొంతిల్లా?"

"రెండూ కాదమ్మా. మద్దిలోది."

"మద్దిలోదంటే నాకు తెలీదు. మా ఆయన పోనప్పుడు మేం అద్దింట్లో ఉన్నాం. ఓనరు గుమ్మంలోకి రానీనేదు. రోడ్డుమీద పెట్టినాం. వాన. నలుగురు పైన పరదా పట్టుకుని నిలబడినారు, నేను కాళ్లకాడ కూకున్నాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా రోడ్డుమీదే. నువ్వు రాసిన ఇంట్లో మా పీనుగుల్ని పెట్టనిస్తారా, నేదా? అది సెప్పు. తొంభై తొమ్మిదేళ్లో, తొమ్మిదేళ్లో నాకనవసరం."

మా ప్రాంతంలో అద్దెకున్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. ఓనర్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. నక్షత్రం బాగాలేని చావైతే ఇంటికి ఆర్నెల్లు తాళం పెట్టాలని వాళ్ల భయం. అందుకే అద్దెకున్నవాళ్ల శవం ఇంటికి రాదు. రైటరు గారి భార్య పోయినప్పుడు ఆసుపత్రి నుంచి తిన్నగా శ్మశానానికే తీసుకెళ్లారు. ఆవిడ ముగ్గు వేసుకునే వాకిలి ముందునుంచే బండి వెళ్లింది, ఆగలేదు. ఆ రోజు నేను ఆ బండి వెనక ఆటోలో ఉన్నాను.

రైటరు గారు గొడుగు పక్కన పెట్టి అక్కడున్న సిమెంటు ఇటుక మీద కూర్చున్నారు. నోటుపుస్తకం తీశారు. "ఇంకా సెప్పండి," అన్నారు, "సొంతిల్లంటే ఏటి?"

అలా మొదలైంది. తిట్టినవాళ్లే వచ్చి కూర్చున్నారు. ఎండుచేపలాయన, డాబా మీద చేప ఎండబెడితే ఎవరూ ముక్కు మూసుకుని గొడవకు రాకూడదన్నాడు. దానికి పక్కింటావిడ ఒప్పుకోలేదు, వాళ్లిద్దరికీ అరగంట పట్టింది. ఒకావిడ కూతురి పురుడు ఇంట్లోనే పోసుకోవాలంది. ఇంకొకాయన, దేవుడి పటానికి మేకు కొట్టుకోవాలన్నాడు. రైటరు గారు తలెత్తి, "మేకా?" అని అడిగారు. "మేకే బాబూ." దాన్ని రాసుకుని, కింద గీత గీశారు. నాలుగు రోజులు వరసగా వెళ్లి వింటూనే ఉన్నారు. అమ్మకం గురించి ఆ నాలుగు రోజుల్లో ఒక్కరే అడిగారు. నాకదే ఆశ్చర్యం. మా షెడ్డులో నలభై ఏళ్లుగా రాసిన దస్తావేజుల్లో ఇల్లంటే అమ్ముకోదగ్గ వస్తువు. వాళ్లు చెప్పిన దాంట్లో ఆ మాటే అరుదు.

చిత్తులో పది షరతులుండేవి. నేను అతికించిన వాక్యం పోయి, దాని చోట పదకొండో షరతు వచ్చింది. అది నాకు కంఠతా వచ్చు: "సదరు గృహములందలి పురుళ్లు, పెళ్లిళ్లు, మరణములు, తదనంతర కర్మలు, గోడలకు మేకులు వగైరా కొట్టుకొనుట మొదలైనవన్నియు స్వగృహమందువలె జరుపుకొనుటకు ఎవరి అనుమతియు అవసరము లేదు."

మున్సిపాలిటీలో ఆ చిత్తు చూసిన అధికారి ఒకరు నవ్వారు. "ఏమండీ, మేకుల గురించి లీజులో రాస్తారా? చావుల గురించి రాస్తారా?"

"ఇది నేకపోతే ఆల్లు సంతకం పెట్టరండి" అన్నారు రైటరు గారు. "ఇదొక్కటుంటే తక్కిన పదీ ఒప్పుకుంటారు."

ఆ అధికారి బదిలీల మీద తిరిగే మనిషి. అద్దె ఇళ్లే. షరతును మళ్లీ చదువుకున్నారు, ఈసారి నవ్వలేదు. పక్కన చిన్న టిక్కు పెట్టి పేజీ తిప్పారు.

సంతకాల రోజున రైటరు గారు పదకొండో షరతు చదివి ఇడ్లీలావిడను లేపారు. "ఇప్పుడు నువ్వు సెప్పు."

"నా ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు సచ్చినా, నేనెవర్నీ అడగక్కర్నేదు" అంది.

"సరిగ్గా సెప్పినావు" అన్నారాయన. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు, నా విషయంలో అసలే వినలేదు.

కట్టడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో ఆగింది, మళ్లీ మొదలైంది, ఎన్నికలొచ్చాయి, ఇసుక రాలేదు. ఈలోగా ఆయన షెడ్డు నాకప్పగించి మానేశారు. రోజూ పొద్దున్న గొడుగుతో పాత సంత స్థలానికి వెళ్లి, ఎంత లేచిందో చూసి, ఇడ్లీ తిని వచ్చేవారు. నేను ఒకసారి, "సంఘంలో మిమ్మల్నీ చేర్చుకుంటామంటున్నారు కదా, మీరూ ఒక ఇంటికి రాసుకోండి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"రాసినోడు పార్టీ అవకూడదమ్మా."

కిందటేడు జనం ఇళ్లలోకి వచ్చారు. కింద ఇడ్లీ కొట్టు, దర్జీ, మందుల షాపు. ఎండుచేపల దుకాణం మాత్రం వరసలో చివరన, ఆ పక్కింటావిడ పట్టుదల వల్ల. నాకు ఆ బిల్డింగు అందంగా ఉందని అనిపించదు. మెట్లు ఇరుకు, నీలం రంగు మరీ ముదురు. ఎవరైనా అలా అంటే మాత్రం ఊరుకోను.

ఇప్పుడు ఆ ఉదయానికి వస్తాను. ఆసుపత్రి నుంచి ఓనరమ్మకు కబురు పెడితే, ఆవిడ గేటు దగ్గరే నిలబడి రెండు చేతులూ జోడించిందట. "ఏటీ అనుకోకండి" అందట, ఏడుస్తూ. విజయనగరం నుంచి కూతురు రావడానికి టైముంది. ఇడ్లీలావిడ ఆటోను పాత సంత స్థలానికి, తన ఇంటికే తిప్పించింది.

నేను బస్సు దిగి వెళ్లేసరికి కింద కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఇరుకు మెట్ల మీద జనం దారిచ్చారు. సంఘం కార్యదర్శి, ఆనాడు 'శాశ్వతంగా' అని లేచిన ఆటో అతనే, నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగాడు: "అక్కా, కాయితంలో కాపురమున్నోళ్లకే గదా ఉన్నాది. ఈయన కాపురమున్నోడు కాదు. రేపెవరన్నా అడిగితే?"

పదకొండో షరతు మొదటినుంచి చివరిదాకా మనసులో చదువుకున్నాను. రైటరు గారు ఎంత జాగ్రత్తగా రాశారో! ఎవరి మరణం అన్నది అందులో లేదు. ఏ ఇంట్లో అన్నదే ఉంది. మర్చిపోయారా, కావాలనే వదిలేశారా? అడగడానికి మనిషి లేరు. ఆయన నన్ను మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఇరవై ఏళ్లు దాటాక నాకు జవాబు దొరికింది. నాకు తెలుసుకోవాలని ఉన్నది అదొక్కటే.

లోపల ఇడ్లీలావిడ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. "సంఘాన్ని అడిగావా?" అన్నాను, ఎందుకన్నానో తెలీదు.

"ఎవర్నీ అడగనేదమ్మా," అంది, "అడగక్కర్నేదని ఆయనే గదా నాచేత సెప్పించినారు."

నేను ఆయన పక్కన కూర్చుని, ఆయన నేర్పిన వరుసలోనే ఆ గది చూశాను. తూర్పున తలుపు, బార్లా తీసి ఉంది, ఆవల మెట్ల దాకా జనం. దక్షిణాన ఆయన తల, తల దగ్గర దీపం. పడమట పొయ్యి, కడగని ఇడ్లీ పళ్లేలు. ఉత్తరాన నీలం గోడ, గోడకు కొత్త మేకు, ఆ మేకుకు ఆయన గొడుగు.